తల్లి పోయాక మిగిలిన పని

ఎనిమిదో తరగతిని నేను రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసుకున్నాను. రెండుసార్లూ సగంలోనే ఆగిపోయింది. మూడోసారి చూద్దామంటే మా హెడ్మాస్టరు ఈ తలలో చోటు చాలదని తేల్చేశారు. అలాంటివాడు ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టుకుని, ఊళ్లోవాళ్ల మిషన్లకు కొత్త సిస్టమ్ ఎక్కించి బతుకుతున్నాడంటే అది నా తెలివి అనుకోకండి. జనం మంచితనం.

పాత కంప్యూటర్లు తెచ్చేవాళ్లకు నేను ఉచితంగా దొరికే సిస్టమ్, అంటే మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తాను. పెన్‌డ్రైవ్‌లో దాని ఇన్‌స్టాలర్ ఎప్పుడూ జేబులో ఉంటుంది. ఈ ఇన్‌స్టాలర్ అనేది పెళ్లిలో పెద్దమనిషి లాంటిది. తెల్లపంచె కట్టుకుని ముందు నిలబడి అందరికీ కనిపించేది ఆయన, పని చేసేది మాత్రం వేరేవాళ్లు. ఒకణ్ణి వంటకు పురమాయిస్తాడు, ఒకణ్ణి పందిరికి, ఒకణ్ణి మేళానికి. ఇన్‌స్టాలరూ అంతే. డిస్కులో చోటు చేయడానికి ఒక చిన్న ప్రోగ్రామును పుట్టిస్తుంది, ఫైళ్లు దించడానికి ఇంకొకదాన్ని. పుట్టించినదాన్ని మా పనిలో తల్లి అంటాం, పుట్టినవాటిని పిల్లలు అంటాం. పెద్దమనిషి గుండె పట్టుకుని కూలిపోయినా వెనక వంటవాడికి ఆ సంగతి తెలియదు. వాడు సాంబారు కలుపుతూనే ఉంటాడు. తెర మీద ఇన్‌స్టాలర్ కిటికీ మాయమైపోయినా లోపల పిల్ల ప్రోగ్రాము పని చేస్తూనే ఉండవచ్చు.

ఈ ముక్క నాకు పులివెందులలో తెలిసింది. తెలుసుకోవలసిన పద్ధతిలో కాదు. అక్కడ ఒక ఫోటో స్టూడియో నడిపే అన్న మిషన్‌లో సిస్టమ్ ఎక్కిస్తుంటే కిటికీ బిగుసుకుపోయి మూసుకుపోయింది. మిగిలినదంతా చెత్త అనుకున్నాను. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను. ఆ సమయంలో లోపల ఒక పిల్ల ప్రోగ్రాము ఆయన పెళ్లిఫోటోలను డిస్కులో ఒక పక్కకు జరుపుతోంది. సగం జరిగాయి, సగం జరగలేదు. తర్వాత ఏవీ తెరుచుకోలేదు. ఆ అన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాణ్ణి. షట్టరు సగానికి దించి, స్టూలు మీద కూర్చుని, ఆ సీజన్లో ఎవరెవరి పెళ్లిళ్లు తీశాడో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అప్పటినుంచి పవర్ బటన్ దగ్గరికి నా వేలు పోతే ఆ వేళ్లే గుర్తొస్తాయి.

జమ్మలమడుగు సామి ఇంట్లో జరిగింది దాని తర్వాత.

సామి మా నాయన కాలం నుంచి మా ఇంటికి పురోహితులు. జమ్మలమడుగులోనే కాదు, పులివెందుల, ప్రొద్దుటూరు దాకా ఎన్నో ఇళ్లకు ఆయనే. ఏ ఇంట్లో ఎవరు ఏ మాసంలో ఏ తిథినాడు పోయారో ఆయన తాతగారు, తండ్రిగారు పొడుగాటి పుస్తకాల్లో రాసిపెట్టారు. తద్దినం ముందురోజు సామి ఫోన్ చేస్తే ఆ ఇంటివాళ్లు ఏర్పాట్లు చేసుకుంటారు. మా నాయన నేను ఎనిమిదిలో ఉండగానే పోయాడు. హెడ్మాస్టరు మాట నవ్వించడానికి చెప్పేది. బడి మానింది నాయన పోయినందుకు. ఆయన తిథి నాకు ఎప్పుడూ తెలియదు. సామి ఫోన్ చేస్తారు, నేను బస్సెక్కుతాను. తెలుసుకోవలసిన పని ఉందని కూడా అనుకోలేదు.

ఆ పుస్తకాలకు చెదలు పట్టాయి. సామి ఒక ఎండాకాలమంతా కూర్చుని ప్రతి పేజీకీ ఫోటో తీసి, ఇంటిపేర్ల వారీగా కంప్యూటర్లో పెట్టుకున్నారు. వేల పేజీలు. మిగిలిన చెదల పుస్తకాలను ఏం చేశారని అడిగితే, చెత్తలో వేస్తామా అని నా వైపు వింతగా చూశారు. పైన డ్యాము నుంచి నీళ్లు వదిలిన రోజు చూసి, పసుపుగుడ్డలో కట్టి పెన్నలో విడిచారట. వాళ్లింట్లో పుస్తకానికి కూడా మనిషికి చేసినట్టే చేస్తారు. అంటే ఇంక ఆ తిథులన్నీ ఉన్నది ఒక్కచోటే. ఆయన హాల్లో, దేవుడి పటాల కింద, ఆన్ చేస్తే గుర్రుమనే ఒక పాత కంప్యూటర్లో.

అది రోజురోజుకీ నీరసించి, ఒక పేజీ తెరవడానికి ఒక విష్ణుసహస్రం పడుతోందని నన్ను పిలిచారు. పాత సిస్టమ్‌నీ ఫోటోలనీ అలాగే ఉంచి, పాతదాన్ని కాస్త పక్కకు జరిపి, ఆ ఖాళీలో కొత్తది పెట్టాలనుకున్నాను. ముందు ఫోటోలన్నీ నా డ్రైవ్‌లోకి కాపీ తీసుకోవాలి, ఆ తర్వాతే డిస్కు ముట్టుకోవాలి. పులివెందుల తర్వాత నేను పెట్టుకున్న నియమం అది.

శనివారం తొమ్మిదికల్లా వాళ్లింట్లో ఉన్నాను. మిషన్ ఆన్ చేయబోతే సామి చెయ్యి అడ్డం పెట్టారు.

"రాహుకాలమప్పా. పదిన్నర దాకా ముట్టుకోవద్దు."

రాహువుకు కంప్యూటర్ల సంగతి ఏం తెలుసు సామీ అన్నాను.

"నీకు తెలిసినంత తెలుసులే" అన్నారు.

గంటన్నర ఉప్మా తిని, కాఫీ తాగి, పటాలు లెక్కపెట్టాను. పదిన్నరకు కాపీ మొదలుపెట్టాను. పాత మిషన్, పాత పోర్టు. నత్త కూడా ఆగి చూసి జాలిపడేటట్టుంది. అకారాది క్రమంలో ఒక్కో ఇంటిపేరూ పోతోంది. పదీ నలభై దాటేసరికి సామి పంచాంగం పట్టుకుని వచ్చారు. కొత్త సిస్టమ్ మొదలుపెట్టడానికి ఆయన ముహూర్తం చూసి ఉంచారు. అది పదీ యాభై ఎనిమిదితో అయిపోతుంది. సామి భార్య అప్పటికే కంప్యూటర్ డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టేశారు. మౌసుకు కూడా పెట్టబోతే నేనే ఆపాను.

ఈ కాపీ అయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది, ఇది ముగిశాక మొదలుపెడదామన్నాను.

"మొదలుపెట్టడమప్పా ముహూర్తానికి కావాల్సింది. కాపీదేముంది, అది ఎప్పుడైనా తీసుకోవచ్చు" అన్నారు సామి.

ఆయన తప్పేం లేదు. ఆయన లోకంలో మొదలు సరిగ్గా ఉంటే మిగతాది దానంతటదే సరిగ్గా ఉంటుంది. నా లోకంలో అట్లా కాదని నాకు తెలుసు. తెలిసీ కాదనలేకపోయాను. అందరినీ నవ్వించి బతికేవాడికి ఉండే రోగం అది, ఎదుటివాళ్ల ముఖం చిన్నబోవడం చూడలేడు. కాపీ ఆపేశాను. అప్పటికి 'క' అక్షరం దాటలేదు. మా ఇంటిపేరు 'ప'లో ఉంది.

పెన్‌డ్రైవ్ పెట్టి మిషన్ మళ్లీ లేపాను. పదీ యాభై ఆరుకు సామి మంత్రం చదువుతుండగా బటన్ నొక్కాను. పాతదాన్ని జరిపే పని మొదలైంది. కింద గీత నిదానంగా నిండుతోంది. సామి తృప్తిగా లేచి పోయి పడకకుర్చీలో కూర్చున్నారు.

పదకొండున్నర ప్రాంతంలో గీత ఆగింది. బాణం గుర్తు ఎటు తిప్పినా కదల్లేదు. రెండు నిమిషాలకు కిటికీ ఒక్కసారిగా మాయమైంది. ఒట్టి నీలంరంగు తెర మిగిలింది.

అయిపోయిందా అని సామి కుర్చీలోంచే అడిగారు. అయినట్టే సామీ అన్నాను.  వంటింట్లోంచి ఆయన భార్య తొంగిచూశారు. ఆవిడను నేను అమ్మా అనే పిలుస్తాను. ఆవిడ నా ముఖం చూసి మళ్లీ లోపలికి పోయారు.

ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచాను. అది ఒక చిన్న పెట్టె చూపించింది. దాని ఇంగ్లీషు నాలుగుసార్లు చదువుకున్నాను. ముందు మొదలైన పనులు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి, వాటిని ఆపేసి కొనసాగించమంటావా అని అడుగుతోంది. కింద రెండు బటన్లు. ఆపేసి కొనసాగించడం ఒకటి, వెనక్కి పోవడం ఒకటి. మొదటిది అప్పటికే వెలుగుతోంది. ఎంటర్ మీద వేలు పడితే చాలు.

ఆ పెట్టె పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఒకే డిస్కు మీద ఇద్దరు పెద్దమనుషులు రెండు పెళ్లిళ్లు నడిపితే రెండూ నాశనమవుతాయి. అందుకే ముందుదాని తాలూకు పిల్లలు మిగిలి ఉంటే తీసేస్తానంటుంది. చాలాసార్లు అవి నిజంగానే చచ్చి పడి ఉన్నవి, తీసేస్తేనే మంచిది. కానీ పులివెందులలో కూడా నేను అవి చచ్చినవే అనుకున్నాను.

వెనక్కి పోయే బటన్ నొక్కాను. ఆజ్ఞలు టైపు చేసే నల్లకిటికీ తెరిచి, లోపల నడుస్తున్నవాటి పట్టీ తెప్పించాను. పట్టీలో ఒక్కో ప్రోగ్రాము పక్కన దాని తల్లి నంబరు ఉంటుంది, అది ఏ స్థితిలో ఉందో చెప్పే ఒక అక్షరం ఉంటుంది. జెడ్ ఉంటే ప్రాణం పోయినట్టు. డి ఉంటే డిస్కుతో పనిలో మునిగి ఉన్నట్టు. చోటు జరిపే ప్రోగ్రాము ఇంకా ఉంది. తల్లి నంబరు దగ్గర ఒకటి అని ఉంది. అంటే పుట్టించిన ఇన్‌స్టాలర్ పోయింది. తల్లి పోయిన పిల్లల్ని ఈ సిస్టమ్‌లో అన్నిటికంటే మొదట పుట్టిన ప్రోగ్రాము ఒళ్లోకి తీసుకుంటుంది. ఒకటి అంటే అదే.

పక్కన అక్షరం డి.

ఇదొక్కటే నాకు దొరికిన ఊరట. అదైనా ఎంతసేపు నిలుస్తుంది? డి ఉన్నంతమాత్రాన పని సాగుతున్నట్టు కాదు, డిస్కు దగ్గర ఇరుక్కుపోయి ఉండవచ్చు. చెప్పే గీత లేదు, శాతం లేదు. డబ్బా ముందువైపు, డిస్కు పనిచేస్తే వెలిగే చిన్న ఎర్రదీపం మాత్రం మినుకుమినుకుమంటోంది. ఎంత జరిపిందో, ఇంకా ఎంత ఉందో తెలియదు. చేయవలసిందల్లా ఏమీ చేయకుండా ఉండటం. నా జీవితంలో నాకు చేతకాని పని అదొక్కటే.

అప్పుడే సామికి ఫోన్ వచ్చింది. పులివెందుల నుంచి ఒక ఇంటివాళ్లు. వాళ్ల అవ్వ తద్దినం ఈ నెలలోనే అని గుర్తుంది గానీ ఏ రోజో తెలియడం లేదని, కాస్త చూసి చెప్పమని అడుగుతున్నారు. సామి నా వైపు చూశారు. ఒక గంట ఆగి చేస్తానని చెప్పి పెట్టేసి, నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు. అప్పుడు నిజం చెప్పాను. కాపీ 'క' దగ్గరే ఆగిందని, లోపల పేజీలు సగం జరిగి ఉన్నాయని, ఇప్పుడు ఆగితే ఏవీ తెరుచుకోకపోవచ్చని చెప్పాను.

సామి తెర వైపు వంగి చూశారు. తర్వాత ఒక్క మాట అడిగారు.

"అన్నిళ్లవీనా అప్పా?"

అన్నిళ్లవీ అన్నాను.

ఆయన పంచాంగాన్ని బల్ల మీద బోర్లించి పెట్టారు. చప్పుడు కాకుండా, మెత్తగా పెట్టారు. నాకు మాత్రం స్టూడియో అన్న షట్టరు సగానికి దించిన చప్పుడు చెవిలో వినిపించింది.

"ఏమండీ, ఈపొద్దు పన్నెండుకు కరెంటు తీస్తారని పొద్దున మైకులో చెప్పిపాయ గదా" అన్నారు అమ్మ, వంటింటి గడపలో నిలబడి.

గడియారం చూశాను. పది నిమిషాలు ఉంది. తీగల పనికి మూడు దాకా కరెంటు ఉండదట. పక్కనే కలమల్ల దగ్గర థర్మల్ కేంద్రం పొగగొట్టాలు రాత్రింబగళ్లు కరెంటు పుట్టిస్తుంటాయి, ఆ పొగ ఈ మిద్దె ఎక్కితే కనిపిస్తుంది. కరెంటు మాత్రం పొగ పోయిన దారినే పోతుంది. వేరే రోజైతే ఈ మాట పైకి అని నవ్వించేవాణ్ణి. ఆ రోజు వంగి బల్ల కింద వైర్లు వెతికాను.

కంప్యూటర్ కింద, కరెంటు పోయినా కాసేపు నడిపే బ్యాటరీ డబ్బా ఒకటి ఉంది. ఎన్నాళ్లదని అడిగితే సామికి గుర్తులేదు. కరెంటు సరిగ్గా పన్నెండుకు పోయింది. ఫ్యాన్ ఆగింది. డబ్బా కీచుమని అరవడం మొదలుపెట్టింది. అంతవరకు ఆ ఇంట్లో ఎన్ని చప్పుళ్లు ఉన్నాయో నాకు తెలియలేదు. అవన్నీ పోయి ఆ కీచుమనేది ఒక్కటే మిగిలింది.

కరెంటు ఎక్కువ తాగేది తెర. దాని వైరు డబ్బాలోంచి పీకేశాను. ఇంక పట్టీ లేదు, అక్షరం లేదు. నేను చూడగలిగింది ఎర్రదీపం ఒక్కటే. ముగ్గురం దాని ముందు కూర్చున్నాం. అమ్మ మజ్జిగ తెచ్చి పెట్టారు, ఎవరూ ముట్టలేదు. సామి పెదవులు కదులుతున్నాయి, ఏం చదువుతున్నారో వినిపించలేదు. దీపం ఒక్కోసారి వరసగా వెలిగేది, ఒక్కోసారి రెండు మూడు క్షణాలు ఆగేది. అది ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి ఆపేవాణ్ణి. పవర్ బటన్ నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. మోకాలు తగులుతుందేమోనని కుర్చీ వెనక్కి జరిపాను.

కాసేపటికి కీచు వేగం పెరిగింది. బ్యాటరీ అడుగంటుతోంది.

దీపం ఆగిపోయింది.

మూడు క్షణాలు ఆగాను. పది లెక్కపెట్టాను. ముప్పై లెక్కపెట్టాను. మళ్లీ వెలగలేదు. పని ముగిసి ఆగిందా, దారిలో చచ్చి ఆగిందా? రెండింటికీ ఆ దీపం ఒకేలా ఉంటుంది.  సామి చూపు నా చెంప మీద వేడిగా తగులుతోంది.

తెర వైరు మళ్లీ పెట్టాను. పట్టీ తెప్పించాను. ఆ ప్రోగ్రాము లేదు. నల్లకిటికీలోనే జరిగినదంతా రాసుకునే చిట్టా తెరిచి చివరి వరుసలు వెతికాను. పని పూర్తయిందని ఒక్క వరుస ఉంది. పాత సిస్టమ్ ఈసారి తెరిచినప్పుడు డిస్కును ఒకసారి తనిఖీ చేసుకుంటుందని ఇంకో వరుస ఉంది. అది చదివి, ఆపే పద్ధతిలో మిషన్ ఆపించాను. తెర నల్లబడిన కాసేపటికే డబ్బా కూడా అరవడం మానేసింది.

అయినట్టేనా అని సామి అడిగారు. ఈసారి అబద్ధం చెప్పలేదు. తెలియదు సామీ, మూడింటికి తెలుస్తుంది అన్నాను.

ఆ మూడు గంటలు ఎలా గడిచాయో రాయలేను. సామి భోజనానికి కూర్చోలేదు. ఆయన కూర్చోకపోతే అమ్మ కూర్చోరు. నాకొక్కడికి వడ్డించారు. పెరుగన్నం సగం తిని లేచాను. పులివెందుల ఫోన్ రెండుసార్లు మోగింది. రెండుసార్లూ సామి దానివైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన మోగుతున్న ఫోన్ ఎత్తకపోవడం ఆ ఒక్కరోజే చూశాను.

కరెంటు వచ్చాక పాత సిస్టమ్ లేపాను. తెల్ల అక్షరాలతో తనిఖీ మొదలైంది. అంకెలు ఒకటొకటిగా ఎక్కుతుంటే ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. తనిఖీ ముగిసి, తెర మీద దేవుడి బొమ్మ వచ్చింది. అది సామి పెట్టుకున్న బొమ్మ. నేను మౌసు కదిపి, ఫోటోలు ఉన్న చోటు తెరిచాను. 'ప' దగ్గరికి పోయి మా ఇంటిపేరు నొక్కాను.

పేజీ తెరుచుకుంది. చెదలు తిన్న అంచు, సామి తండ్రిగారి వంకర అక్షరాలు, మా నాయన పేరు. తెరుచుకుందా లేదా అనే చూశాను. మూసేసి ఇంకొకటి, ఇంకొకటి తెరిచాను. అన్నీ తెరుచుకున్నాయి. సామి నా పక్క నుంచి వంగి పులివెందులవాళ్ల పేజీ తీయించి, అవ్వ తిథి చూసుకుని, నిలబడే ఫోన్ చేశారు. గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టాక మాత్రం గోడకు చెయ్యి ఆనించుకున్నారు.

ఆ సాయంత్రం ముహూర్తం ఊసే లేకుండా మొత్తం కాపీ తీశాను. కొత్త సిస్టమ్ తర్వాతి వారం వచ్చి ఎక్కించాను, దుర్ముహూర్తమో కాదో సామి చెప్పలేదు, నేను అడగలేదు.

పదిహేను రోజుల తర్వాత రెండు డ్రైవ్‌లు తీసుకుని జమ్మలమడుగు పోయాను. ఒకటి వాళ్లకు, ఒకటి నా అంగట్లో దాచడానికి. సామి ఇంట్లో లేరు. అమ్మ పసుపు చేతులతోనే డ్రైవ్ అందుకుని దేవుడి పటాల దగ్గర పెట్టారు. పాత భయం పోయింది కదా, నా నోరు మళ్లీ మొదలైంది. ఇంక మీకేం పర్వాలేదమ్మా, మూడు చోట్ల ఉన్నాయి, పెన్న పొంగినా పోవు అని కోతలు కోశాను.

"సరే గానీ, మీ నాయన తితి ఏందో చెప్పు" అన్నారు.

నోరు తెరిచాను. ఏ మాసమో కూడా రాలేదు. అంత భయంలో ఆ పేజీని మొట్టమొదట తెరిచింది నేనే. తెరిచి మూశాను గానీ చదవలేదు. ఎప్పటిలాగే నవ్వి తప్పించుకుందామని, నా తలకాయలో చోటు లేదమ్మా, మా హెడ్మాస్టరే చెప్పినాడు అన్నాను.

ఆవిడ నవ్వలేదు.

"ఆ పెట్టెలో అన్నిళ్లోళ్లకూ చోటు జరిపితివి. మీ నాయనది ఒక్క తితికి నీ తలకాయలో చోటు జరపలేవా? ఆయన పోయినాక ఆయనది మిగిలింది నువ్వొక్కనివే గదప్పా."